తల్లి ఈగ వేరుపడకముందే

రైతన్నలకు, అక్కలకు నమస్కారం.

పొద్దున బస్సు దిగి ఈ రైతు వేదికకు నడిచి వస్తుంటే దారి పొడుగునా కానుగ పూలు రాలి ఉన్నాయి. చూడగానే నాకు సంతోషం కంటే ముందు టెన్షన్ పట్టుకుంది. కానుగ, వేప పూసే ఈ రోజులు మనకు తేనె ఇచ్చే రోజులు, తేనెటీగల పెట్టెలోంచి ఈగలు లేచిపోయే రోజులు కూడా.

మొదటి ఏడు నా దగ్గర నాలుగు పెట్టెలుండేవి. వాటిలో ఒకదాని జోరే వేరు. మూత తీస్తే ఈగలు పైకి పొంగేవి. ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను. ఒకరోజు మధ్యాహ్నం ఆ పెట్టెలోంచే ఈగలు బిలబిలా బయటికొచ్చి వాకిట్లో వేపకొమ్మకు గుత్తిగా పట్టాయి. మా అమ్మ స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయించడం మొదలుపెట్టింది. చప్పుడుకు ఈగలు దిగుతాయని ఊళ్ళో అందరికీ తెలుసు, ఈగలకే తెలియదు. నేను ఖాళీ పెట్టె వెతికి తెచ్చేలోపు గుత్తి లేచి చెరువు కట్ట దాటిపోయింది.

పెట్టెకు ఏదో రోగం వచ్చిందనుకున్నాను. కాదు. తిండి లేకనో, చీమలు పట్టో, మైనపు పురుగు తగిలో పెట్టె మొత్తం ఖాళీ చేసి పారిపోవడం వేరే సంగతి. ఇలా సగం మంది లేచిపోయేది బలమైన పెట్టెలోంచే. మన ఇళ్ళల్లో పెళ్ళయిన కొడుకు వేరుపడతాడు. ఈగల్లో తల్లే, అంటే రాణి ఈగే, వేరుపడుతుంది. కట్టిన ఇల్లు, దాచిన తేనె, పొదిగే పిల్లలు అన్నీ పుట్టబోయే బిడ్డకు వదిలేసి, కడుపునిండా తేనె తాగిన కూలి ఈగలను వెంటబెట్టుకుని వెళ్తుంది.

ఎందుకు వెళ్తుంది? పెట్టెలో జనం కిక్కిరిసిపోతారు. వచ్చే మకరందం గదుల్లో నిండి రాణికి గుడ్డు పెట్టే చోటు తగ్గుతుంది. అంత గుంపులో రాణి వాసన అందరికీ సరిగా అందదు. రాణి ముసలిదైతే ఆ వాసన ఇంకా పలచన. అప్పుడు కూలి ఈగలు తెట్టె కింది అంచున రాణి గదులు, అంటే కొత్త రాణిని పెంచే గదులు కడతాయి. వేరుశనగ కాయల్లా కిందికి వేలాడుతుంటాయి, పోల్చుకోవడం కష్టం కాదు. అంతకుముందే పోతుటీగల, అంటే మగ ఈగల గదులు పెరుగుతాయి. మన నాటు ఈగల్లో ఆ గదుల మూతకు నడుమ చిన్న చిల్లు కూడా ఉంటుంది.

ఇక్కడ లెక్క ముఖ్యం. రాణి గదిలో గుడ్డు మూడు రోజులు. దాదాపు ఎనిమిదో రోజుకు గదికి మూత పడుతుంది. మూత పడిందంటే, వాన అడ్డుపడితే తప్ప తల్లి ప్రయాణానికి సిద్ధం. అందుకే ఈ పూతకాలంలో వారానికోసారి తెరిచి చూడాలి. పది రోజులకోసారి చూస్తే మనకు ఖాళీ చోటే కనబడుతుంది.

కనిపించిన రాణి గదులన్నీ నలిపేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. మూల ఒకటి కంటపడకుండా మిగులుతుంది, లేదా మళ్ళీ కడతాయి. ఇంకో ప్రమాదం ఉంది. తల్లి అప్పటికే పోయి వారమైందనుకోండి, గదులన్నీ తీసేస్తే కొత్త రాణిని చేసుకోవడానికి పనికొచ్చే పసి పురుగు కూడా పెట్టెలో మిగలదు. నేను అలా ఒక పెట్టెను నా చేత్తోనే చంపుకున్నాను.

పూత రాకముందే పెట్టె పైన తేనె కోసం ఇంకో అంతస్తు వేయడం, ఈగలు తెట్టె కట్టుకునే చెక్క చట్రాల్లో నిండినవి తీసి ఖాళీవి పెట్టడం, ఇవి మీకు తెలిసినవే. అయినా గదులు కడితే, ఈగలు చేయబోయే పంపకం మనమే చేసెయ్యాలి. పాత పెట్టెను కదపొద్దు. రాణి ఉన్న చట్రం, మరో రెండు పిల్లల చట్రాలు, ఒక తేనె చట్రం కొత్త పెట్టెలోకి మార్చండి. వాటి మీద రాణి గది ఒక్కటీ ఉండకూడదు. ఇంకో చట్రం మీది ఈగలను కూడా అందులోకి దులపండి, ఎందుకంటే మేతకు తిరిగే ఈగలు పాత చోటికే వెళ్ళిపోతాయి. పాత పెట్టెలో నిండుగా ఉన్న ఒక్క రాణి గదిని ఉంచి మిగతావి తీసేయండి. రెండుంటే రెండోసారి లేస్తాయి. ఆరేడు రోజుల తర్వాత ఒకసారి చూసి కొత్తగా కట్టినవి తీసి, ఇక మూడు వారాలు ముట్టుకోవద్దు. రాణి పుట్టి, గాల్లో పోతులతో జతకట్టి, గుడ్లు పెట్టాలి కదా. తెరిచి చూడాలని చెయ్యి దురద పెడుతుంది. పెట్టనివ్వండి.

మాటలు చాలు. ఈ ఊరి తమ్ముడు ఒకాయన తన పెట్టెలో అంచున రెండు గదులు వేలాడుతున్నాయని పొద్దున్నే చెప్పాడు. ఎండ ముదరకముందే వెళ్ళి చూద్దాం. పొగ డబ్బా ఎవరైనా వెలిగించండి.