ఆఫీసు నెట్‌వర్క్‌కి ఏ కేబుల్? పేరు తర్వాత, ముందు లోపల తీగ చూడండి

నమస్తే అండీ. టేబుల్ మీద ఐదు నెట్‌వర్క్ కేబుల్ ముక్కలు పెట్టాను. క్యాట్ అంటే కేటగిరీ, కేబుల్ స్థాయి అన్నమాట. క్యాట్ 5ఇ, క్యాట్ 6, క్యాట్ 6ఎ, క్యాట్ 8, ఇక ఐదోదాని మీద కూడా క్యాట్ 6 అనే రాసుంది కానీ దాని సంగతి వేరు, కాసేపట్లో మీ ముందే కోసి చూపిస్తాను.

నా మాట ముందే చెప్పేస్తున్నా. కొత్తగా వైరింగ్ చేయిస్తుంటే గోడలో, సీలింగ్ పైన వెళ్లే లైన్లకి క్యాట్ 6ఎ వేయించండి. కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె పాతబడితే ఒక సాయంత్రం కూర్చుని మార్చేయొచ్చు, అదే గోడలో కేబుల్ మార్చాలంటే సీలింగ్ విప్పాలి, టేబుళ్లు జరపాలి, ఆఫీసు పని ఆగాలి. పొదుపు చేయాల్సొస్తే స్విచ్ దగ్గర చేయండి, కేబుల్ దగ్గర వద్దు.

ఎందుకు 6ఎ అంటే, అది 500 మెగాహెర్ట్జ్ దాకా సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి తయారైన కేబుల్, సెకనుకి 10 గిగాబిట్ వేగాన్ని పూర్తి 100 మీటర్లు మోస్తుంది. ఆ 100లో గోడలో లైను 90, రెండు చివర్లా పరికరాలకి తగిలించే చిన్న కేబుళ్లు, అంటే ప్యాచ్ కార్డులు, కలిపి 10 అని లెక్క. మామూలు క్యాట్ 6 అయితే 250 మెగాహెర్ట్జ్, 10 గిగాబిట్ 55 మీటర్ల దాకా వెళ్తుంది అంటారు కానీ, కేబుళ్లన్నీ కట్టగా కట్టి లాగినప్పుడు ఒకదాని సిగ్నల్ పక్కదాంట్లోకి చొరబడి 37 మీటర్లకే తేలిపోవచ్చు, ఆఫీసులో కేబుళ్లు వెళ్లేదే కట్టలుగా కదా. ఒక్క ఇబ్బంది ఉంది, 6ఎ లావుగా ఉంటుంది, సులువుగా వంగదు. పైపులు ముందే పెద్దవి వేయించుకోండి.

ఇప్పటికే క్యాట్ 5ఇ ఉన్నవాళ్లు టెన్షన్ పడకండి. 1 గిగాబిట్ హాయిగా 100 మీటర్లు వెళ్తుంది, 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణంతో 2.5 గిగాబిట్ కూడా అదే కేబుల్ మీద నడుస్తుంది. వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు, అంటే యాక్సెస్ పాయింట్లు, చాలావాటికి అంతే కావాలి. పీకేసే ముందు ఒకసారి టెస్ట్ చేయించండి.

క్యాట్ 8 గురించి చాలామంది అడుగుతున్నారు. 25, 40 గిగాబిట్ వేగం నిజమే, కానీ 30 మీటర్ల వరకే. అది డేటా సెంటర్లో సర్వర్లు, స్విచ్‌లు బిగించే ర్యాక్‌ల మధ్య పనికొచ్చే కేబుల్, ఉద్యోగి టేబుల్ దాకా లాగితే డబ్బు దండగ. క్యాట్ 7 అయితే అసలు వద్దనే అంటాను, అమెరికా సంస్థ టీఐఏ రాసే కేబుల్ ప్రమాణాల్లో దానికి చోటే లేదు, దానికోసం అనుకున్న జీజీ45, టెరా కనెక్టర్లు మీ స్విచ్‌లో ఉండవు. దూరం 100 మీటర్లు దాటుతుందా, కాంతితో సిగ్నల్ పంపే ఫైబర్ కేబుల్‌కి వెళ్లిపోండి, అందులో ఓఎం3 అనే రకం మీద 10 గిగాబిట్ 300 మీటర్లు పోతుంది.

ఇప్పుడు ఆ ఐదో ముక్క. చేతిలోకి తీసుకోగానే తేలికగా ఉంది. పైతొడుగు కోశాను, ఒక తీగ బయటికి లాగి బ్లేడుతో మెల్లగా గీకుతున్నాను, కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి... రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా మెరుస్తోంది కదా? అది అల్యూమినియం, పైన సన్నటి రాగి పూత. సీసీఏ అంటారు. రెండుమూడు సార్లు ఇటూ అటూ వంచితే... పుటుక్కున విరిగింది. రాగి కన్నా దీని రెసిస్టెన్స్ సగానికి పైగా ఎక్కువ. మీ కెమెరాలు, యాక్సెస్ పాయింట్లు పీఓఈ మీద, అంటే నెట్‌వర్క్ కేబుల్లోనే వచ్చే కరెంటు మీద నడుస్తుంటే ఇది నిజంగా ప్రమాదం, ఎందుకంటే 2018 నాటి 802.3బీటీ ప్రకారం ఒక్క పోర్టు 90 వాట్ల దాకా పంపగలదు, అంత కరెంటు ఈ తీగలో పోతే కేబుల్ కట్ట వేడెక్కుతుంది, చివరికి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఏ క్యాట్ ప్రమాణమూ దీన్ని ఒప్పుకోదు. ఆర్డర్లో 'సాలిడ్ బేర్ కాపర్' అని, అంటే లోపలంతా రాగే ఉన్న తీగ అని రాయించుకోండి, పెట్టె వచ్చాక మీరే గీకి చూడండి.

మంచి కేబుల్ కొన్నా బిగించడంలో పాడుచేసుకోవచ్చు. నేను వెళ్లిన ఒక ఆఫీసులో ఫైళ్లు తెరుచుకోవట్లేదని నెలల తరబడి సర్వర్నే తప్పుపట్టారు. స్విచ్‌లో చూస్తే ఆ పోర్టు 100 మెగాబిట్ దగ్గర నిలబడింది. గోడలో కేబుల్ చివర బిగించిన జాక్ విప్పాను. కేబుల్లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలేసి ఉంటాయి, ఆ మెలికలు రెండు వేళ్ల వెడల్పున విప్పేసి ఉన్నాయి, బ్రౌన్ జతలో ఒక తీగ స్లాట్‌లో కూర్చోనే లేదు. 1 గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు, అందుకే లింకు పోకుండా నెమ్మదిగా నడుస్తూనే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. మెలిక 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు. జాక్ మళ్లీ బిగించాను, పది నిమిషాల పని.

అందుకే ఎనిమిది లైట్లు వెలిగే చిన్న టెస్టర్ చూపించి 'అంతా ఓకే సార్' అంటే సరిపోదు, అది తీగ తెగిందా లేదా అనే చెబుతుంది. క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ ఇంకోదాంట్లోకి చొరబడటం), రిటర్న్ లాస్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రావడం) కొలిచే సర్టిఫయర్ అనే పరికరంతో ప్రతి పోర్టుకీ రిపోర్టు ఇమ్మని పని ఒప్పందంలోనే రాయించండి, అది చేతికొచ్చాకే చివరి పేమెంట్ చేయండి. మీ ఆఫీసులో ర్యాక్ నుంచి చివరి టేబుల్ దాకా ఎన్ని మీటర్లో కామెంట్లో పెట్టండి, ఏది సరిపోతుందో చెప్తాను.