మొదటి సెమ్‌కి తొమ్మిదా, పన్నెండా?

అక్క: నమస్తే అందరికీ. మన షోలో ఈసారి గెస్ట్ బయటివాళ్ళు కాదు, మా తమ్ముడే. ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వస్తున్నాడు, ప్రస్తుతం గుంటూరులో ఇంట్లోనే ఉన్నాడు. వెనకాల గ్రైండర్ మోత వినిపిస్తే అది మా అమ్మ దోసెల పిండి అని సర్దుకోండి. చెప్పరా, నిన్న ఫోన్లో దేనికి గొడవపడ్డాం?

తమ్ముడు: గొడవేం లేదక్కా. మొదటి సెమ్‌లో 12 క్రెడిట్లు, అంటే నాలుగు సబ్జెక్టులు తీసుకుంటానన్నాను. నువ్వు అరిచావు.

అక్క: అరవలేదు, గట్టిగా చెప్పాను. ఇంతకీ నాలుగెందుకు?

తమ్ముడు: మూడంటే మరీ తక్కువనిపించింది. బీటెక్‌లో సెమ్‌కి ఐదారు సబ్జెక్టులు, పైన ల్యాబులు, అన్నీ లాగేశాం కదా. పైగా నా కోర్సు మొత్తం 30 క్రెడిట్లు. 12, 9, 9 అనుకుంటే మూడు సెమ్‌లలో అయిపోతుంది. ప్రతిసారీ 9 చొప్పునే వెళ్తే చివర్లో ఒక్క సబ్జెక్టు మిగిలి, దానికోసం ఇంకో సెమ్ అద్దె కట్టుకుంటూ కూర్చోవాలి. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది నాలుగే అంటున్నారు.

అక్క: లెక్కలో తప్పు లేదు, నేనూ అదే లెక్క వేసుకుని వచ్చాను. కాకపోతే బీటెక్‌లో ఎన్ని చదువుతావని మనల్ని అడిగినవాళ్ళు లేరు, 160 క్రెడిట్లు, ఏ సెమ్‌లో ఏముందో రెగ్యులేషన్‌లో ముందే రాసేసి ఉంటుంది, మిడ్‌కి నాలుగు రోజుల ముందు ఆల్-ఇన్-వన్ కొని రాత్రుళ్ళు కూర్చుంటే గట్టెక్కేసేవాళ్ళం. ఇక్కడ రెండో వారానికే హోంవర్కు వచ్చేస్తుంది, దానికీ మార్కులుంటాయి. మూడు సబ్జెక్టులే కావచ్చు, కానీ ప్రతి వారం మీద పడుతూనే ఉంటాయి.

తమ్ముడు: వారానికి ఎన్ని గంటలు పట్టొచ్చు?

అక్క: ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని, ఇది ఇక్కడ వాళ్ళు పెట్టుకున్న లెక్కే. 9 క్రెడిట్లకి 27 గంటలు, 12కి 36. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ జాబ్ వారానికి 20 గంటల దాకా చెయ్యొచ్చు, అదీ కలిపితే 56. వంట, బట్టలు, బస్సు ఇందులో లేవు. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులున్న సబ్జెక్టయితే ఆ రెండు గంటలు ఏ మూలకీ రావు.

తమ్ముడు: అసలు నీకేమైంది? ఇంట్లో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

అక్క: అమ్మ వింటోందా? సరే, విననీలే. నాలుగు సబ్జెక్టులు, సాయంత్రాలు డైనింగ్ హాల్లో పని. అక్టోబరులో ఒక ఆదివారం రాత్రి 11:59కి ఆల్గారిదమ్స్ హోంవర్కు పెట్టాలి, ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాజెక్టుకీ అదే డెడ్‌లైన్. షిఫ్ట్ అయ్యేసరికి తొమ్మిది. చేతులకి గిన్నెల సబ్బు వాసన, జుట్టంతా పిజ్జా వాసన, బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కోడ్ కంపైల్ చేస్తున్నాను. రెండూ సగం సగమే పెట్టాను. తర్వాతి వారం మిడ్‌టర్మ్‌లో వందకి 41. ఒక సబ్జెక్టు డ్రాప్ చేశాను, కానీ ఫీజు వెనక్కిచ్చే గడువు అప్పటికే దాటిపోయింది, ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేసినట్టు గుర్తు, పడింది. అదే సబ్జెక్టుకి మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ చదివాను. నాలుగో సెమ్ తప్పించుకుందామనుకున్నదాన్ని నాలుగో సెమ్‌లోనే పడ్డాను.

తమ్ముడు: డ్రాప్ చేస్తే వీసాకి ఇబ్బంది రాదా?

అక్క: 12 నుంచి 9కి దిగాను కాబట్టి రాలేదు. చాలా యూనివర్సిటీల్లో ఎంఎస్ వాళ్ళకి ఫుల్‌టైమ్ అంటే 9, బ్యాచిలర్స్ వాళ్ళకయితే 12. ఆ 9 నుంచి 6కి దిగాలంటే మాత్రం ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ, అంటే మన వీసా వ్యవహారాలు చూసే అధికారి, ముందే ఒప్పుకోవాలి, డ్రాప్ కొట్టేసి తర్వాత మెయిల్ పెడితే వీసా స్టేటస్‌కే ఎసరు. ఇంకోటి, ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా ఫుల్‌టైమ్ లెక్కలోకి ఒక్కటే వస్తుంది.

తమ్ముడు: అయితే నేనన్నదే కరెక్టు కదక్కా! నాలుగు తీసుకుంటే ఒకటి వదిలేసే వీలుంటుంది. మూడే తీసుకున్నాక అందులో ఒకటి తలకెక్కకపోతే ఇరుక్కుపోతాను.

అక్క: (కాసేపు ఆగి) అవును. ఈ మాట నిన్న చెప్పుంటే అరిచేదాన్ని కాదు.

తమ్ముడు: అరవలేదన్నావ్.

అక్క: నోర్ముయ్. సరే, నాలుగూ రిజిస్టర్ చెయ్. ఫీజు పోకుండా డ్రాప్ చేసే ఆఖరి రోజు ఎప్పుడో యూనివర్సిటీ క్యాలెండర్‌లో చూసి ఫోన్లో అలారం పెట్టుకో, కొన్నిచోట్ల మొదటి వారంతోనే సరి. ఆలోపు నాలుగు క్లాసుల్లోనూ కూర్చుని సిలబస్‌లో తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసుకో. ఏ రెండు డెడ్‌లైన్లు ఒకే రాత్రి ఢీకొంటున్నాయో కనిపిస్తుంది. అందులో ఒకటి తీసెయ్. ఉంచుకుందామని ఎంత అనిపించినా తీసెయ్, నీ సంగతి నాకు తెలుసు.

తమ్ముడు: మరి మూడు సెమ్‌ల లెక్క?

అక్క: నాలుగు సబ్జెక్టులు స్ప్రింగ్‌లో, అంటే రెండో సెమ్‌లో, తీసుకో. అప్పటికి బస్సు టైమింగులు తెలిసుంటాయి, ఏ ప్రొఫెసర్ ఎలా పిండుతాడో తెలిసుంటుంది. చివరి సెమ్‌కి మాత్రం దాచుకోకు, అప్పుడు ఉద్యోగాల వేటే ఒక సబ్జెక్టు. సగటు జీపీఏ 3.0కి తగ్గితే చాలాచోట్ల ప్రొబేషన్‌లో, అంటే మార్కులు పెంచుకోమని హెచ్చరికలో, పెడతారు, అది కూడా గుర్తుంచుకో. ఒక్క సి గ్రేడ్ పడిందంటే దాన్ని లేపడానికి ఒక ఏ గ్రేడ్ కావాలి. పోర్టల్ తెరిచే ఉందా? ఆ నాలుగూ చదువు.

తమ్ముడు: ఆల్గారిదమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, మెషీన్ లెర్నింగ్, డేటాబేస్.

అక్క: ఆల్గారిదమ్స్, ఓఎస్ రెండూనా? ఇంత కథ విన్నాక కూడా?

తమ్ముడు: ఓఎస్‌లో మూడే సీట్లున్నాయక్కా. స్ప్రింగ్‌లో ఆ సబ్జెక్టు పెడతారో లేదో.

అక్క: డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి మెయిల్ పెట్టి అడుగు. ఇప్పుడే పెట్టు, ఇక్కడ ఇంకా పొద్దున పదే, ఆఫీసు తెరిచే ఉంటుంది.

తమ్ముడు: టైప్ చేస్తున్నా. రెస్పెక్టెడ్ సర్ అని మొదలెట్టనా?

అక్క: సర్ ఎవర్రా, పేరు చూడు, ఆవిడ!