జేబులో కార్డు, ఇంట్లో చెప్పని మాట

(విదేశాలకు వెళ్ళబోతున్న వెల్డర్లు, ఫిట్టర్లు, వాళ్ళ కుటుంబాలతో విశాఖపట్నం గాజువాకలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సోంపేట, కవిటి, పలాస వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లులు కూడా ఉన్నారని చెప్పారు. అమ్మా, నేను చెప్పబోయేది మీ పిల్లల కంటే మీకే ఎక్కువ అవసరం. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకొచ్చి కూర్చోండి.

జీతాల గురించి, ట్రేడ్ టెస్టుల గురించి మాట్లాడమన్నారు నన్ను. అవి మీకు ఇన్‌స్టిట్యూట్‌లో రోజూ చెబుతూనే ఉన్నారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. పరాయి దేశంలో రోడ్డు మీద నడుస్తుంటే పోలీసు ఆపుతాడు, కార్డు చూపించమంటాడు. గల్ఫ్‌లో పదేళ్ళు చేసి వచ్చిన ఎవరినైనా పక్కకి పిలిచి అడగండి, ఇలాంటిది ఒకటైనా చెబుతాడు. పక్కకి పిలిచి అడిగితేనే చెబుతాడు. సెలవుకి వచ్చేటప్పుడు సెంటు సీసాలు తెస్తాం, దుప్పట్లు తెస్తాం, ఖర్జూరం తెస్తాం. ఈ మాట మాత్రం అక్కడే వదిలేసి వస్తాం. నేనూ అలాగే ఏళ్ళ తరబడి వదిలేశాను.

నేను 2006లో సౌదీ వెళ్ళాను. జుబైల్‌లో పైపు వెల్డర్‌ని. వెళ్ళిన రెండో ఏడు, ఒక గురువారం రాత్రి. అప్పట్లో అక్కడ గురువారం, శుక్రవారం సెలవులు. నేనూ నా రూమ్మేటూ బకాలాకి, అంటే కిరాణా కొట్టుకి వెళ్ళి ఒక అట్ట కోడిగుడ్లు, పెరుగు డబ్బా, ఉల్లిపాయలు కొనుక్కుని క్యాంపుకి నడిచి వస్తున్నాం. పోలీసు బండి మా పక్కనే నెమ్మదిగా వచ్చి ఆగింది. దిగినాయన ఒకటే మాట అన్నాడు: "ఇఖామా." అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు.

నేను తీసి ఇచ్చాను. టార్చి లైటు కార్డు మీద వేశాడు, నా మొహం మీద వేశాడు, మళ్ళీ కార్డు మీద వేశాడు. నా పేరు గట్టిగా చదివాడు. అరబ్బీలో "ప" అక్షరం లేదు, "బ" రాస్తారు. మన వైపు ఇంటికొక పైడయ్యో పైడిరాజో ఉంటారు కదా, అక్కడ వాళ్ళంతా బైడయ్య, బైడిరాజు అయిపోతారు. (ఇది చిన్న విషయం అనుకోకండి. కార్డు చేతికి రాగానే పేరూ పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో సరిపోయాయో లేదో తెలిసినవాళ్ళ చేత చదివించుకోండి. తప్పుంటే ఆ వారంలోనే చెప్పండి.) నా కార్డు నాకు తిరిగి ఇచ్చేశాడు. నా రూమ్మేటు వైపు చెయ్యి చాపాడు.

వాడి ఇఖామా రెన్యువల్‌కని కంపెనీ తీసుకుని నెలన్నర అయింది. చేతికి ఒక జిరాక్సు కాగితం ఇచ్చి, ఎవరైనా అడిగితే ఇది చూపించు అన్నారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆ ఉక్కకి కవర్ లోపల కూడా చెమ్మ పట్టేది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. పోలీసాయన దాన్ని విప్పి చూసి, "అసల్?" అన్నాడు. అసలుది ఏదీ అని. మనం రోజూ అనే "అసలు" ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందేనని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రి మాత్రం, తెలియని భాషలో తెలిసిన మాట వినపడి ఒళ్ళు జల్లుమంది. వాడు కంపెనీ, కంపెనీ అంటూనే ఉన్నాడు. బండి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. నేను గుడ్ల అట్ట పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాను.

క్యాంపు బాస్‌కి చెప్పాను. మందూబ్, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసులకి తిరిగే మనిషి, సెలవులని ఫోన్ ఆపేశాడు. శనివారం మధ్యాహ్నం గానీ వెళ్ళి విడిపించలేదు. వాడు వచ్చి స్నానం చేశాడు, గంటసేపు మంచం మీద కూర్చున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి ఇంటికి ఫోన్ చేశాడు. ప్రతి శుక్రవారం చేసేవాడు, ఆ శుక్రవారం చెయ్యలేదు కదా. అవతల భార్య అడిగింది కాబోలు. "ఓవర్‌టైమ్ పడిందే, కుదర్లేదు" అన్నాడు. పక్క మంచం మీద నేను విన్నాను. ఆ రెండు రాత్రుల గురించి ఆమెకి ఈ మధ్య దాకా తెలియదు.

ఇందులో వాడి తప్పేముంది? ఇఖామా గడువు దాటకుండా రెన్యువల్ చేయించడం యజమాని బాధ్యత. కంపెనీ చేసిన ఆలస్యానికి లాకప్‌లో కూర్చున్నది మా వాడు. అయినా సిగ్గుపడిందీ వాడే. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

పాస్‌పోర్టు సంగతీ అంతే. దిగగానే "భద్రంగా మా దగ్గర ఉంటుంది" అని తీసుకుంటారు. మన పాస్‌పోర్టుల చట్టం 1967లో వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ భారత ప్రభుత్వ ఆస్తి. మీ పేరు మీద ఉన్నా మీ సొంతం కాదు. ఇక కంపెనీది ఎలా అవుతుంది? ఖతార్ 2015లో తెచ్చిన చట్టంలోనూ, కువైట్ అదే ఏడాది ఇళ్ళలో పనిచేసేవాళ్ళ కోసం తెచ్చిన చట్టంలోనూ యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదని రాసి ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన ఇచ్చేస్తారని చెప్పను. అడగడం నేరం కాదని చెబుతున్నాను. 2024 మే నెలలో కంబోడియా నుంచి మన విశాఖ ఎయిర్‌పోర్టులో దిగిన కుర్రాళ్ళని చూశారు కదా. ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. కాగితం చేతిలో లేని మనిషి పోలీసు దగ్గరికి వెళ్ళాలన్నా భయపడతాడు. లాక్కున్నవాడి ధైర్యం కూడా అదే.

2013లో సౌదీలో ఉన్నవాళ్ళకి తెలుసు. కాగితాలు సరిచేసుకోమని సౌదీ ప్రభుత్వం జూలై 3 దాకా గడువిచ్చి, నవంబర్ 3కి పొడిగించింది. నవంబర్ 4 నుంచి తనిఖీలు మొదలు. ఫ్రీ వీసా మీద వచ్చి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర కాకుండా బయట పనిచేస్తున్నవాళ్ళు గదుల్లోంచి కదల్లేదు. వీసాలో ఏ పని రాసుందో, ఎవరి దగ్గర రాసుందో, ఆ పనే ఆ మనిషి దగ్గరే చెయ్యాలి. ఫ్రీ వీసా అనేది చట్టంలో ఎక్కడా లేదు, ఏజెంట్ల నోట్లోనే ఉంది. దానికోసం ఎకరం తాకట్టు పెట్టేముందు నా మొహం గుర్తుచేసుకోండి.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. తను జపాన్‌లో ఉద్యోగం చేస్తోంది. కిందటేడు ఒక రాత్రి ఫోన్ చేసింది, గొంతు మామూలుగా లేదు. స్టేషన్ బయట ఇద్దరు పోలీసులు ఆపి కార్డు చూపించమన్నారట, బ్యాగు కూడా చూస్తామన్నారట. మర్యాదగానే మాట్లాడారు. కార్డు తన దగ్గరే ఉంది, చూపించింది. పది నిమిషాల్లో అయిపోయింది. "మరి టెన్షన్ ఎందుకమ్మా?" అన్నాను. "భయం కాదు నాన్నా. వందమంది వెళ్తుంటే నన్నొక్కదాన్నే ఆపారు. అందరూ చూస్తూ పోయారు" అంది.

అక్కడ 2012 జూలై నుంచి రెసిడెన్స్ కార్డు పద్ధతి ఉంది. పదహారేళ్ళు దాటిన విదేశీయులు దాన్ని ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి, లేకపోతే రెండు లక్షల యెన్ల దాకా జరిమానా. కానీ పోలీసు ఒకరిని దారిలో ఆపి ప్రశ్నించాలంటే అనుమానానికి తగిన కారణం ఉండాలని వాళ్ళ చట్టమే చెబుతోంది. రంగు చూసి ఆపుతున్నారని 2024 జనవరిలో ముగ్గురు టోక్యోలో కోర్టుకెళ్ళారు. వాళ్ళలో ఒకాయన జపాన్ పౌరుడే, పుట్టింది పాకిస్తాన్‌లో. చూపించడం వేరు, తలవంచుకోవడం వేరు అని వాళ్ళని చూసి నేర్చుకున్నాను.

ఆ రాత్రి మా అమ్మాయికి జుబైల్ కథంతా మొదటిసారి చెప్పాను. టార్చి లైటు, గుడ్ల అట్ట, అన్నీ. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను బయల్దేరేటప్పుడే ఇది చెప్పుంటే బాగుండేది నాన్నా" అంది. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఇక్కడ కొందరున్నారు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్ ఊళ్ళో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వెళ్ళిన 57 ఏళ్ళ పెద్దాయన కొడుకు ఇంటి వీధిలో నడుస్తున్నాడు. అనుమానంగా ఉన్నాడని ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఒక పోలీసు కింద పడేస్తే వెన్నెముక దెబ్బతింది. ఆ పోలీసు మీద రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలో ఏకాభిప్రాయం రాలేదు, చివరికి జడ్జి కేసు కొట్టేశారు. మీరు వెళ్తే వాకింగ్‌కి కూడా పాస్‌పోర్టు కాపీ, కొడుకు అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. ఆపితే నిలబడిపోండి. చేతులు కనపడేలా ఉంచండి. చెప్పకుండా జేబులో చెయ్యి పెట్టొద్దు.

ఎక్కడైనా పరుగెత్తొద్దు. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. అరెస్టు చేస్తే "ఇండియన్ ఎంబసీ" అన్న రెండు మాటలు పదేపదే చెప్పండి. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, మీరు అడిగితే మన కాన్సులేట్‌కి తెలియజేయాలి. అమ్మా, మీరు చెయ్యాల్సింది కూడా ఉంది. అబ్బాయి పాస్‌పోర్టు, వీసా కాపీలు, కంపెనీ పేరు, క్యాంపు అడ్రసు, ఒక రూమ్మేటు నంబరు ఇంట్లో బియ్యం డబ్బా మీదున్నా సరే, ఒకచోట ఉండాలి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలంటే ఇవే అడుగుతారు.

ఇది మన తరంతో మొదలైంది కాదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మంది వెళ్ళారు, అందులో మన విశాఖ, గంజాం జిల్లాల తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. చెరకు తోట దాటి బయటికి రావాలంటే దొర రాసిచ్చిన పాసు ఉండాలి, లేకపోతే పట్టుకుపోయేవారు. అక్కడే ట్రాన్స్‌వాల్ అనే ప్రాంతంలో భారతీయులు వేలిముద్రల సర్టిఫికెట్ ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలన్నారు. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లో మసీదు ముందు గాంధీగారితో కలిసి జనం ఆ సర్టిఫికెట్లు కుప్పపోసి తగలబెట్టారు. మీరు కార్డులు తగలబెట్టాలని కాదు నా ఉద్దేశం. ఆపడం అవమానంగా అనిపిస్తే ఆ బాధ మీ ఒక్కరిదే కాదని తెలియాలి.

ఇంకొక్క మాట. ఈ మధ్య మన ఊళ్ళోనే ఒక జంక్షన్‌లో ఒరిస్సా, బెంగాల్ కుర్రాళ్ళని నిలబెట్టి ఆధార్ అడుగుతుంటే చూశాను. ఒకడి దగ్గర జిరాక్సు ఉంది, ఒరిజినల్ కాంట్రాక్టర్ దగ్గరట. నేను వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. పెద్దగా ఏమీ చెయ్యలేదు, కాంట్రాక్టర్‌కి ఫోన్ కలిసేదాకా ఉన్నాను.

నా రూమ్మేటు ఇప్పుడు పలాస దగ్గర జీడితోట చూసుకుంటున్నాడు. ఇక్కడ మాట్లాడాలని చెప్పడానికి కిందటి వారం వెళ్ళాను. లోపలికెళ్ళి ఆ జిరాక్సు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు, ఇన్నేళ్ళూ దాచాడు. భార్య ముందే ఇచ్చాడు. "అందరికీ చూపించు బావా" అన్నాడు. పేరూ నంబరూ ఉన్నచోట టేపు అంటించాను. ముందు వరసలోంచి పంపిస్తున్నాను. మడతల దగ్గర చిరుగుతుంది, మెల్లగా పట్టుకోండి. చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. ఈలోగా ఎవరేం అడగాలన్నా అడగండి.