తిమింగలం ఒకటి, వాటాలు ఎన్నో

శ్రోతలకు నమస్కారం. ఇండోనేషియాలోని లెంబాటా దీవికి దక్షిణపు ఒడ్డున లమలేరా అనే ఊరుంది. రాళ్ల నేల, పంట అంతంతమాత్రం. స్పెర్మ్ తిమింగలాలు, మంటా అనే భారీ టేకు చేపలే ఆ ఊరికి ఆధారం. నీలి తిమింగలాన్ని మాత్రం ముట్టరు, అది వాళ్లకు నిషిద్ధం.

వేట పడవను టెనా అంటారు. దాని మొనన వెదురు మంచె, మంచె మీద బల్లెం పట్టే లమఫా. పొడవాటి వెదురు గడ కొనకు ఇనుప బల్లెం తొడిగి, ఆ ఇనుముకు తాడు కడతారు. లమఫా బల్లేన్ని విసరడు. గడతో సహా జంతువు మీదికే దూకుతాడు. ఒంటి బరువు తోడైతే తప్ప ఇనుము మందపాటి కొవ్వును దాటదు. గడ ఊడి వస్తుంది, ఇనుము ఒంట్లో దిగబడుతుంది, తిమింగలం తాడుతో పడవను లాక్కుపోతుంది. తాడు మెలిక కాలికి చుట్టుకుంటే మనిషి నీళ్లలోకి పోతాడు. తాడు అడ్డం తిరిగితే పడవే బోల్తా.

మానవ శాస్త్రవేత్తలను కట్టిపడేసింది పంపకం. ఏ భాగం ఎవరిదో ముందే ఖాయం. వేటకు వెళ్లినవాళ్లకే కాదు, ఒడ్డున ఉండిపోయిన వడ్రంగికి, కమ్మరికి, తెరచాప అల్లినవారికీ వాటా ఉంటుంది. పడవకో పాలు, వలకో పాలు మన తీరంలోనూ ఉన్నదే కానీ, ఇది ఇంకా విస్తారం.

ఎవరు ఏ పడవ ఎక్కుతారన్నది మానవ శాస్త్రవేత్త మైకేల్ అల్వార్డ్ లెక్కగట్టి 2003లో ప్రచురించారు. దగ్గరి రక్తసంబంధం కన్నా తండ్రి వైపు వంశమే ఎక్కువ పనిచేస్తోందని తేలింది. కారణం తేలికే: తల్లి వైపు, తండ్రి వైపు చుట్టరికం రెండూ లెక్కేస్తే ప్రతివాడూ ఒకటికి మించిన పడవలకు బంధువే. వంశమైతే ఒక్క పడవనే చూపిస్తుంది.

మరో పరీక్షలో ఒకరు సొమ్మును తనకూ ఎదుటివారికీ పంచుతారు, రెండోవారు ఆ వాటా వద్దంటే ఇద్దరికీ సున్నా. జూదంలా కనబడకూడదని లమలేరాలో డబ్బుకు బదులు సిగరెట్ పెట్టెలు వాడారు. అక్కడివాళ్లు ఎదుటివారికి సగటున 58 శాతం ఇచ్చారు. పెరూలోని మచిగెంగా తెగవారు ఇచ్చింది 26 శాతం. ఇది మంచితనానికి కొలత అనుకోవడం తొందరపాటు. రోజూ కలిసి కోసి పంచుకునేవాళ్ల అలవాటు అది.

ఎండబెట్టిన మాంసం వులందోని శనివారపు సంతలో కొండ ఊళ్ల మొక్కజొన్నకు, అరటిపళ్లకు మారకం అవుతుంది. 2014లో ఇండోనేషియా మంటాలను రక్షిత జీవులుగా ప్రకటించింది. ఆ జీవులు నెమ్మదిగా పిల్లలు పెడతాయి కాబట్టి చట్టం అవసరమే. కాకపోతే దాని భారం వేటగాళ్ల దగ్గరే ఆగదు. ఆ సంతకు మొక్కజొన్న దింపే కొండ రైతు మీదా పడుతుంది.