మన బ్లాగు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? హైవ్, స్టీమిట్, బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రివ్యూ

అందరికీ నమస్కారం. హైవ్, స్టీమిట్ లాంటి బ్లాక్‌చెయిన్ మీద నడిచే బ్లాగులకీ, మనం ఏళ్ల తరబడి వాడుతున్న బ్లాగర్, వర్డ్‌ప్రెస్ లాంటివాటికీ తేడా ఏంటో ఈ వీడియోలో చూద్దాం. "అందులో రాస్తే డబ్బులొస్తాయంట కదా?" అని చాలామంది అడుగుతుంటారు. డబ్బు సంగతి లెక్కతో సహా చెప్తాను. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. మీరు పదేళ్లుగా రాసుకున్నవన్నీ రేపు ఉండాలా, పోవాలా అన్నది ఎవరి చేతిలో ఉంది? ఈరోజు ప్రతి ప్లాట్‌ఫామ్‌నీ ఈ ప్రశ్నతోనే పరీక్షిస్తాను.

ముందు పాతవి. బ్లాగర్‌ను 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ తెచ్చింది, 2003లో గూగుల్ కొనేసింది. వర్డ్‌ప్రెస్ వచ్చింది కూడా 2003లోనే. 2006 తర్వాత కొన్నేళ్లు తెలుగు బ్లాగుల సందడి చూసినవాళ్లు ఈ వీడియో చూస్తుంటే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లేఖినిలో టైపు చేసుకోవడం, కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సైట్లలో కొత్త టపాలు వెతుక్కోవడం. కథలు, వంటలు, ఊరి కబుర్లు, పద్యాలకు అర్థాలు, ఎన్ని రాశారో! అందులో చాలా భాగం బ్లాగర్‌లోనే ఉంది. ఇన్నేళ్లుగా గూగుల్ పైసా తీసుకోకుండా దాన్ని నడుపుతోంది, అది చిన్న విషయం కాదు.

కానీ ఎప్పటికీ నడుపుతామని వాళ్లు మనకేమీ రాసివ్వలేదు. జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. గూగుల్ 2013 జులైలో బ్లాగులు చదువుకునే రీడర్‌ను, 2019లో తన సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్‌ను ఆపేసింది. గూగుల్ ప్లస్ పోయినప్పుడు బ్లాగర్ పోస్టుల కింద ఆ పద్ధతిలో పెట్టిన వ్యాఖ్యలు కూడా పోయాయి. ఒక పోస్టు కింద పదిమంది పెద్దలు కూర్చుని ఒక పద్యం గురించి వాదించుకుని ఉంటారు. అలాంటి చర్చ ఒక కంపెనీ వాళ్ల మీటింగ్‌లో తీసుకున్న నిర్ణయంతో తుడిచిపెట్టుకుపోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

బ్లాక్‌చెయిన్ బ్లాగులు పుట్టింది ఈ సమస్యకు పరిష్కారం చూపిస్తామనే. మీ పోస్టు ఒక కంపెనీ సర్వర్‌లో ఉండదు. వేర్వేరు మనుషులు వేర్వేరు దేశాల్లో నడిపే కంప్యూటర్లలో ఒకే లెడ్జర్, అంటే ఒకే చిట్టా కాపీలు ఉంటాయి, మీ రాత ఆ లెడ్జర్‌లో ఒక ఎంట్రీగా చేరుతుంది. వీటిలో మొదట పేరు తెచ్చుకున్నది స్టీమిట్. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ కలిసి 2016లో మొదలుపెట్టారు. పోస్టుకు అప్‌వోట్ పడితే స్టీమ్ అనే టోకెన్ల, అంటే క్రిప్టో నాణేల రూపంలో డబ్బు వస్తుంది. ఆ డబ్బు ప్రకటనల నుంచి కాదు, ఆ టోకెన్లను నెట్‌వర్కే కొత్తగా పుట్టిస్తుంది. 2018 జనవరిలో ఒక్కో స్టీమ్ 8 డాలర్లు దాటింది. అదే ఏడాది చివరికి అర డాలరు కూడా లేదు. ఆ నవంబరులో కంపెనీ 70 శాతం ఉద్యోగులను తీసేసింది.

అప్‌వోట్ అంటే ఫేస్‌బుక్ లైక్ అనుకోకండి. ఇక్కడ ఓటు విలువ మీ దగ్గర లాక్ చేసి పెట్టుకున్న టోకెన్లను బట్టి ఉంటుంది. గ్రామసభలో మనిషికో ఓటు బదులు ఎకరానికో ఓటు ఇస్తే ఎలా ఉంటుందో, సరిగ్గా అలా. కొత్తగా చేరినవాళ్లు వందమంది మెచ్చుకున్నా పైసల్లో వస్తుంది, పెద్ద ఖాతా ఒక్కటి ఓటేస్తే డాలర్లలో వస్తుంది. డౌన్‌వోట్ కూడా ఉంది, అది పడితే రావాల్సింది తగ్గుతుంది. అందుకే చాలామంది రాయడం కంటే పెద్ద ఖాతాల కంట్లో పడటం మీదే ఎక్కువ సమయం పెట్టారు. డబ్బు కట్టి ఓట్లు వేయించుకునే బాట్లు, అంటే ఆటోమేటిక్ ప్రోగ్రాములు కూడా వచ్చాయి. ఈ పద్ధతి మంచి రచనను వెతికి పైకి తెస్తుందని నేను చెప్పలేను.

ఇప్పుడు అసలు కథ. 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధినేత జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నాడు. కంపెనీతో పాటు, మొదటి రోజుల్లోనే కంపెనీ తన పేరిట మైనింగ్ చేసి, అంటే కొత్తగా పుట్టించి పెట్టుకున్న టోకెన్ల గుట్ట కూడా ఆయన చేతికొచ్చింది. మొత్తం టోకెన్లలో అది సుమారు ఐదో వంతు. దాన్ని ఓటింగ్‌కు వాడబోమని పాత యాజమాన్యం మాటిచ్చి ఉంది. కొత్త యజమాని ఆ మాట నిలబెట్టుకుంటాడో లేదో అని నెట్‌వర్క్ నడిపే విట్‌నెస్‌లు ఆ టోకెన్లను తాత్కాలికంగా స్తంభింపజేశారు.

విట్‌నెస్ అంటే బ్లాకులు తయారుచేసే సర్వర్ నడిపేవాళ్లు. టోకెన్లున్నవాళ్లు ఓట్లేసి వాళ్లలో మొదటి 20 మందిని ఎన్నుకుంటారు. ఒక్కో ఖాతా 30 మందికి పూర్తి బలంతో ఓటు వేయొచ్చు. ఈ రూల్‌ను జాగ్రత్తగా చూడండి. సీట్లు 20, ఓట్లు 30. అంటే తగినన్ని టోకెన్లు ఒకే చేతిలో ఉంటే మొత్తం 20 సీట్లూ ఆ చేతికే.

మార్చి 2న జరిగింది అదే. బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే క్రిప్టో ఎక్స్‌చేంజీల్లో జనం దాచుకున్న స్టీమ్ టోకెన్లతో జస్టిన్ సన్ వైపు ఓట్లు పడ్డాయి. 20 సీట్లూ రాత్రికి రాత్రి మారిపోయాయి. తమ టోకెన్లు ఓటింగ్‌కు వాడారని వాటి సొంతదారులకే తెలియదు. గొడవ పెద్దదయ్యాక బైనాన్స్, హువోబీ ఓట్లు వెనక్కి తీసుకున్నాయి. "ఎవరి పెత్తనమూ ఉండదు" అని చెప్పుకున్న నెట్‌వర్క్ అది. డబ్బున్నవాడు వచ్చి కూర్చోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ తర్వాత అక్కడి రచయితలు, విట్‌నెస్‌లు చేసిన పని చూశాకే బ్లాక్‌చెయిన్ బ్లాగుల మీద నాకు గౌరవం కలిగింది. 2020 మార్చి 20న అక్కడి వాళ్లు మొత్తం చెయిన్‌ను కాపీ చేసుకుని హైవ్ అనే కొత్త పేరుతో బయటికి వచ్చేశారు. పాత పోస్టులు, వ్యాఖ్యలు, ఫాలోవర్లు, ఖాతా పేర్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా వచ్చేశాయి. టోకెన్ల లెక్క కూడా వచ్చింది, ఆ కంపెనీ గుట్టను మాత్రం వదిలేశారు. ఒక్కసారి ఆలోచించండి. మీడియం అనే బ్లాగింగ్ సైట్‌లో రాసేవాళ్లంతా కలిసి, పోస్టులతో, పాఠకులతో సహా ఒక ఉదయం వేరే చోటికి వెళ్లిపోగలరా? ఏ కంపెనీ ప్లాట్‌ఫామ్‌లోనూ అది కుదరదు.

ఇవాళ హైవ్‌లో ఖాతా తెరిస్తే, అందరికీ కనిపించే పబ్లిక్ కీ ముందు ఇంకా ఎస్, టీ, ఎం అనే పాత స్టీమ్ అక్షరాలే కనిపిస్తాయి. స్టీమ్‌లో సీట్లు పోయిన పాఠం కూడా వాళ్లు మరిచిపోలేదు. కొత్తగా లాక్ చేసిన టోకెన్లు విట్‌నెస్ ఓటింగ్‌కు పనికిరావాలంటే ఇప్పుడు 30 రోజులు ఆగాలి. రాత్రికి రాత్రి సీట్లు మార్చడం ఇక కుదరదు.

స్టీమ్‌లో మిగిలిపోయినవాళ్ల సంగతి? అదే ఏడాది మే 20న అక్కడ ఒక హార్డ్‌ఫోర్క్, అంటే నెట్‌వర్క్ రూల్స్ మార్చే అప్‌డేట్ చేసి, ఎదురుతిరిగినవాళ్ల 64 ఖాతాల నుంచి 2 కోట్ల 36 లక్షల స్టీమ్ టోకెన్లు లాగేసుకున్నారు. బ్లాక్‌చెయిన్‌లో పెట్టింది ఎవరూ ముట్టుకోలేరు అని ఎవరైనా గట్టిగా చెప్తే ఈ తేదీ చెప్పండి.

సరే, డబ్బు లెక్క. హైవ్‌లో పోస్టు పెట్టాక ఏడు రోజులకు చెల్లింపు వస్తుంది. కింద 10 డాలర్లు అని కనిపిస్తుందనుకోండి. సగం ఓటేసినవాళ్లకు పోతుంది. మీకు 5 డాలర్లు. మామూలుగా అందులో సగం హెచ్‌బీడీ అనే, డాలరుకు ముడిపెట్టిన టోకెన్‌గా, మిగతా సగం హైవ్ పవర్‌గా, అంటే లాక్ అయి ఉండే టోకెన్లుగా వస్తుంది. హైవ్ పవర్‌ను బయటికి తీయాలంటే వారానికి కొంత చొప్పున 13 వారాలు పడుతుంది. అంటే వెంటనే చేతికొచ్చేది రెండున్నర డాలర్లు. రెండు సెంట్ల కంటే తక్కువొచ్చిన పోస్టుకు అసలు ఏమీ రాదు. ఇక ఆ టోకెన్లు రూపాయలు కావాలంటే ఎక్స్‌చేంజీలో అమ్మాలి. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకోనివ్వరు. వాళ్ల కరెన్సీ బొలివర్ పడిపోయి, ధరలు ఆకాశానికంటిన వెనిజులాలో ఎంతోమందికి ఈ చిన్న మొత్తాలే ఇల్లు నడవడానికి సాయపడ్డాయి. అందుకే హైవ్‌లో స్పానిష్ రచనలు అంత ఎక్కువ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి తెలుగులో రాసేవాళ్లకు దీని మీద ఇల్లు గడుస్తుందని మాత్రం ఆశ పెట్టను.

బ్లాగర్, వర్డ్‌ప్రెస్‌లలో డబ్బు యాడ్‌సెన్స్, అంటే గూగుల్ ప్రకటనల ద్వారా. గూగుల్ 2018లో తెలుగు సైట్లకూ యాడ్‌సెన్స్ ఇచ్చింది. 100 డాలర్లు పోగయ్యాకే పంపుతారు. వస్తే మాత్రం నేరుగా బ్యాంకు ఖాతాలో రూపాయల్లో పడుతుంది, టోకెన్ ధర ఎంతుందో అన్న టెన్షన్ ఉండదు.

ఇప్పుడు తాళాల సంగతి. హైవ్ ఖాతా తెరవగానే ఒక పొడుగాటి మాస్టర్ పాస్‌వర్డ్ ఇస్తారు. దాని కిందే నాలుగు కీలు: ఓనర్, యాక్టివ్, పోస్టింగ్, మెమో. పోస్టింగ్ కీతో రాయొచ్చు, ఓటేయొచ్చు, డబ్బు మాత్రం కదల్చలేరు. డబ్బుకు యాక్టివ్ కీ కావాలి. రోజూ వాడే సైట్లకు పోస్టింగ్ కీ ఒక్కటే ఇస్తే అది ఎవరి చేతిలో పడినా మీ టోకెన్లు భద్రం. ఈ డిజైన్ నాకు చాలా నచ్చింది. హైవ్ డాట్ బ్లాగ్, పీక్‌డీ, ఎకెన్సీ, ఏ సైట్‌కు వెళ్లినా ఇవే కీలు, ఇవే పోస్టులు. ఒక సైట్ మూతపడితే ఇంకో దాంట్లో లాగిన్ అవుతారు, అంతే.

కానీ ఆ మాస్టర్ పాస్‌వర్డ్ పోగొట్టుకుంటే "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" బటన్ ఉండదు. ఫోన్ చేయడానికి కస్టమర్ కేర్ ఉండదు. అమ్మానాన్నల చేత ఖాతా తెరిపిస్తుంటే ఈ ముక్క ముందు చెప్పండి, కీలు కాగితం మీద రాసి ఇంట్లో ముఖ్యమైన పత్రాలతో పాటు పెట్టించండి.

ఇక చెరపడం. నా అభ్యంతరం అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ. హైవ్‌లో పోస్టు దిద్దొచ్చు, కానీ పాత రూపం చెయిన్‌లో అలాగే ఉంటుంది, వెతికేవాళ్లకు దొరుకుతుంది. కోపంలో రాసిన మాట, పిల్లల ఫొటో కింద రాసిన స్కూలు పేరు, విడిపోయిన భర్త గురించి ఒక అమ్మాయి గుండె బరువు దించుకోవడానికి రాసుకున్నది, ఏదీ వెనక్కి రాదు. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మన వివరాలు చెరిపించుకునే హక్కు గురించి చెప్తోంది. వందల కంప్యూటర్లలో కాపీలున్న చోట ఎవరిని వెళ్లి అడుగుతాం? ట్రోలింగ్ ఎదుర్కొనే ఆడవాళ్లు బ్లాగర్‌లో ఒక్క నొక్కుతో బ్లాగును ప్రైవేట్ చేసుకోగలరు. ఆ రక్షణ ఇక్కడ లేదు.

"కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవచ్చుగా, పోస్టు పెట్టిన సమయం చెయిన్‌లో నమోదవుతుంది కదా" అంటారు. మన కథలు పేరు తీసేసి వాట్సాప్‌లో తిరుగుతుంటే కడుపు మండుతుంది, నిజమే. అయితే చెయిన్ చెప్పేది ఎవరు ముందు పెట్టారన్నదే, ఎవరు రాశారన్నది దానికి తెలియదు. మీ పాత బ్లాగులోంచి ఎత్తుకెళ్లి మీకంటే ముందు అక్కడ పెట్టినవాడికే ఆ ముద్ర పడుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో రెండు విషయాలు. చెయిన్‌లో చేరేది రాత మాత్రమే, బొమ్మలు మామూలు సర్వర్లలోనే ఉంటాయి. అవి పోతే పోయినట్టే. ఇంకోటి, హైవ్‌లో ఒక బ్లాకు సైజు సుమారు 65 వేల బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. "క్షి" రాస్తే క, పొల్లు, ష, గుడి కలిపి 12 బైట్లు. పెద్ద కథ అయితే భాగాలుగా పెట్టాల్సి రావచ్చు. బ్లాగర్‌కూ దాని ఇబ్బంది దానికుంది. శీర్షిక తెలుగులో పెడితే చిరునామాలో "బ్లాగ్ పోస్ట్" అని ఏదో ఒకటి ఇచ్చేస్తుంది, పెర్మాలింక్ పెట్టెలో మనమే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవాలి.

మిర్రర్ గురించి కూడా అడుగుతారు. పోస్టులను ఆర్వీవ్ అనే శాశ్వత స్టోరేజ్‌లో పెట్టే ప్లాట్‌ఫామ్ అది. 2024 మేలో దాన్ని పారాగ్రాఫ్ అనే కంపెనీ కొనేసింది. అంటే రాత మిగిలినా, దాన్ని చూపించే సైట్ మాత్రం మళ్లీ ఒక కంపెనీ చేతిలోదే.

మరి నేనైతే ఏం ఎంచుకుంటాను? సొంత డొమైన్ కొని, దాని మీద వర్డ్‌ప్రెస్. తెలుగు పాఠకులు వచ్చేది గూగుల్ వెతుకులాట నుంచి, వాట్సాప్ లింకుల నుంచి. వాళ్లకు వాలెట్, కీ అక్కర్లేకుండా పేజీ తెరుచుకోవాలి. కలకాలం ఉండాలనుకునే కథలు, పరిశోధన వ్యాసాలు, ఊరి చరిత్రలు మాత్రం హైవ్‌లో రెండో కాపీగా పెడతాను, సొంత కబుర్లు అక్కడ పెట్టను.

బ్లాగర్‌లో పాత బ్లాగు ఉన్నవాళ్లు ఈ ఆదివారం ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్లాగ్ దగ్గర బ్యాకప్ ఉంటుంది, దించుకోండి. వర్డ్‌ప్రెస్ అయితే టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్. ఆ ఫైల్లో రాతలు, వ్యాఖ్యలు వస్తాయి, ఫొటోలు రాకపోవచ్చు, వాటి లింకులే ఉండొచ్చు. కాబట్టి ఫొటోలు విడిగా దించి అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే కామెంట్‌లో రాయండి, చూసి జవాబిస్తాను.