అవ్వ అడిగిన కాఫీ మందు

శ్రోతలకు నమస్కారం. నేను కడపలో నవజాత శిశువుల వార్డులో పనిచేసే పిల్లల వైద్యుణ్ణి.

రాత్రి రెండు గంటలప్పుడు మా వార్డులో మానిటర్ కీచుమంటుంది. నర్సు రెండడుగులు వేసి, అరచేతిలో ఇమిడిపోయే బిడ్డ అరికాలిని వేలితో మెల్లగా తడుతుంది. బిడ్డ ఒళ్ళు కదిలించి మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు ఊపిరిని నడిపే మెదడు భాగం పక్వానికి వచ్చి ఉండదు. శ్వాస 20 సెకన్లకు మించి ఆగినా, తక్కువసేపే ఆగి గుండె వేగం పడిపోయినా దాన్ని ఆప్నియా అంటాం.

ఎన్నిసార్లని తట్టి లేపుతాం? అందుకే కెఫీన్ ఇస్తాం. ఆ మాట వినగానే రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ, "కాఫీలో ఉండేదేనా నాయనా? ఇంట్లోనే రెండు చుక్కలు నాకించేవాళ్ళం కదా!" అంది. అదే పదార్థం, కానీ ఇంట్లో చేసే పని కాదు. మొదటి మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల కెఫీన్ సిట్రేట్, తర్వాత రోజుకొకసారి అంతకంటే తక్కువ. మనం తాగిన కాఫీలోని కెఫీన్ ఐదారు గంటల్లో సగమవుతుంది. ఈ పసిగుడ్డుల్లో అలా తగ్గడానికి దాదాపు నాలుగు రోజులు పడుతుంది.

ఒకప్పుడు వైద్యులకే దీనిమీద అనుమానం ఉండేది. ఒంట్లో అడినోసిన్ అనే పదార్థం ఊపిరిని నెమ్మదింపజేస్తుంది, కెఫీన్ దాన్ని అడ్డుకుంటుంది. అయితే ప్రాణవాయువు తగ్గినప్పుడు మెదడును కాపాడేదీ ఆ అడినోసినే. మరి దాన్ని అడ్డుకుంటే బిడ్డ ఎదిగాక ఏమవుతుంది?

ఇది తేల్చడానికి బార్బరా ష్మిట్ అనే వైద్యురాలి నాయకత్వంలో పలు దేశాల్లో 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన 2006 మందిపై పరీక్ష జరిపారు. సగం మందికి కెఫీన్, మిగతా సగానికి మందు లేని ద్రవం. మందు తీసుకున్నవాళ్ళ బరువు మొదటి వారాల్లో కాస్త మెల్లగా పెరిగింది, తర్వాత సర్దుకుంది. ఏడాదిన్నర దాటాక చూస్తే, మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ మందు లేనివాళ్ళలో 7.3 శాతం, ఉన్నవాళ్ళలో 4.4 శాతం. 11 ఏళ్ళకు మళ్ళీ పిలిచి చూశారు. శరీర కదలికల్లో లోపం మందు లేనివాళ్ళలో 27.5 శాతం ఉంటే, ఉన్నవాళ్ళలో 19.7 శాతమే ఉంది. చదువులోనూ ప్రవర్తనలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఈ మందుతో తెలివి పెరుగుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. నడక, చేతి పట్టు బాగుపడటమే నాకు చాలా పెద్ద లాభంగా తోస్తుంది.

ఇంటికి పంపాక పరీక్షలకు రమ్మంటే చాలామంది రారు, బిడ్డ బాగానే ఉంది కదా అంటారు. ఆ అవ్వ మాత్రం మనవరాలిని ఎత్తుకుని ప్రతిసారీ బస్సెక్కింది. నెలలు నిండాల్సిన తేదీ నుంచి లెక్కిస్తే పిల్లకు మొన్నటికి ఏడాది. అవ్వ కొంగుముడి విప్పి బల్లమీద ఒక బొరుగు పెట్టింది. పిల్ల చూపుడువేలూ బొటనవేలూ కలిపి దాన్ని తీసి, కాసేపు తేరిపార చూసి, నా చొక్కా జేబులో వేసింది.