డీవీడీ సొంతిల్లు, స్ట్రీమింగ్ అద్దిల్లు

(చెన్నై స్టూడియోలో రికార్డు చేసిన చర్చలో ఒక భాగం)

వ్యాఖ్యాత: మేడమ్, మీ కాలేజీ లైబ్రరీలో డీవీడీలు చాలానే ఉన్నాయట?

లైబ్రేరియన్: మూడు బీరువాల నిండా. కానీ పిల్లల ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే లేదు కదండీ ఇప్పుడు!

విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) అధ్యాపకుడు: అందుకేగా స్ట్రీమింగ్ తీసుకోండని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను.

లైబ్రేరియన్: డీవీడీ కొంటే అరిగేదాకా మనదే సార్. స్ట్రీమింగ్ అలా కాదు, అద్దిల్లు. గడువు తీరితే ఖాళీ చేయాల్సిందే. లైబ్రరీలకు సినిమాలు స్ట్రీమింగ్‌లో ఇచ్చే కానోపీ వాళ్లు విదేశీ యూనివర్సిటీలకు పెట్టిన పద్ధతి ఒకటుంది. కేటలాగంతా తెరిచిపెడతారు. ఒక సినిమాను 4 సార్లు, ఒక్కోసారి 30 సెకన్లు చూశారంటే చాలు, ఏడాది లైసెన్సు ఖర్చు లైబ్రరీ మీద పడుతుంది. సుమారు 150 డాలర్లు.

వ్యాఖ్యాత: మన చెన్నై ఆటోవాళ్లు వెయ్యని మీటరు వీళ్లు వేస్తున్నారన్నమాట! (నవ్వులు)

లైబ్రేరియన్: నవ్వుతారేంటండీ, 2019లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీయే ఖర్చు చూసి కానోపీని మానుకుంది.

వ్యాఖ్యాత: నువ్వు చెప్పమ్మా, మరి మీరెలా చూస్తున్నారు?

విద్యార్థిని: ఉన్న ఒకట్రెండు వీడియో డేటాబేసులూ క్యాంపస్ వైఫైలోనే తెరుచుకుంటాయి సార్. మా హాస్టలేమో క్యాంపస్ బయట. రాత్రి పదకొండింటికి అసైన్‌మెంట్ టెన్షన్‌లో... ఇక చెప్పించకండి.

అధ్యాపకుడు: నేనైతే నా ఓటీటీ ఖాతాతోనే క్లాసులో వేసేస్తాను.

లైబ్రేరియన్: ఇదిగో, చిక్కంతా ఇక్కడే. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం సిబ్బందికి, విద్యార్థులకు సినిమా చూపించుకోవచ్చు. కానీ మీ ఓటీటీ ఒప్పందం ఇంటి వాడకానికి సార్. ఇక డీవీడీని కాపీ చేసి సర్వర్‌లో పెట్టమని అడుగుతున్నారు చూడండి, దానికీ ఆ సెక్షనే చాలని నేను సంతకం పెట్టలేను.

వ్యాఖ్యాత: ఊరికే దొరికేవి లేవా?

అధ్యాపకుడు: ఇక్కడి ఐఐటీ మద్రాసు వాళ్లూ భాగమైన ఉచిత వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఇంజనీరింగ్ పాఠాలు కావలసినన్ని. మా పిల్లలకు కావలసింది సినిమాలు, డాక్యుమెంటరీలు.

లైబ్రేరియన్: వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు ఇచ్చింది. అదీ పరిశోధన జర్నళ్లకే, సినిమాలకు కాదు. అందుకే కేటలాగంతా తెరవను. సిలబస్‌కు తప్పనిసరైన పన్నెండు సినిమాలు చెప్పండి, వాటికి లైసెన్సు తీసుకుంటాను, హాస్టల్ నుంచి లాగిన్ కూడా ఏర్పాటు చేయిస్తాను. జూన్‌లోపు జాబితా ఇస్తారా?

అధ్యాపకుడు: తప్పకుండా.

లైబ్రేరియన్: కిందటి జూన్‌లోనూ తప్పకుండా అనే అన్నారు సార్.